గవర్నర్‌పేట వాకబు

కూచిపూడి,
10 జూన్ 2025

ఒరేయ్ సిద్ధూ,

చల్లగా ఉండు. కాలవకి ఇంకా నీళ్లు వదల్లేదు. మీ మావయ్య పొద్దునా సాయంత్రం లాకుల దాకా వెళ్లి చూసొస్తున్నాడు, ఈయన చూస్తే తలుపులు లేస్తాయన్నట్టు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటి అనుకుంటావేమో. నా చెవుల సంగతి తెలుసుగా. నువ్వు అరిస్తేగాని నాకు వినపడదు, అరవకుండా నాకు మాట్లాడటం రాదు. ఇప్పుడు రాసేది వీధిన పడకూడని సంగతి. మెసేజీ పెడదామా అంటే, ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోనూ మీ మావయ్యది. వచ్చిన ప్రతి మెసేజీ టీకొట్టు దగ్గర నలుగురికీ చదివి వినిపిస్తాడు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

మా రుచితకి సంబంధం వచ్చింది. సంబంధాలు చూసే శివపార్వతిగారు తెచ్చారు. అబ్బాయి పేరు హర్షవర్ధన్. మీ గవర్నర్‌పేటలోనే ఎలక్ట్రికల్ సామాను హోల్‌సేల్ షాపు, తండ్రితో పాటు కూర్చుంటాడట. మొన్న ఆదివారం గన్నవరం హాస్పిటల్ ల్యాబులో సెలవు దొరికి రుచిత వస్తే ఫొటో చూపించాను. చూసి ఊరుకుంది. అది వద్దనకపోతే చాలు, నాకు పండగ.

నువ్వు ఆ చుట్టుపక్కలే ఉంటావు కాబట్టి వాకబు చెయ్యి. తాగుడుందా, స్నేహాలెలాంటివి, ఇదివరకు ఏదైనా సంబంధం కుదిరి చెడిందా. పక్క షాపులవాళ్లని కదుపు. నీ ప్రెస్సువాళ్ల మీద అరిచినట్టు అరవకు.

ఇంకో మాట. రెండేళ్ల కిందట గుడివాడవాళ్లతో తాంబూలాలు పుచ్చుకున్నాక చెడిన సంగతి ఎవరైనా ఎత్తితే, నీకేం తెలియదను. మీ నాన్నకి ఇవేం చెప్పకు. నా తమ్ముడే గాని వాడి కడుపులో మాట నిలవదు.

మీ అత్తయ్య,
రాజ్యలక్ష్మి

*

గవర్నర్‌పేట, విజయవాడ,
15 జూన్ 2025

అత్తయ్యా,

నీ ఉత్తరం ప్రెస్సులో ప్రూఫులు దిద్దే బల్ల మీద పెట్టుకుని చదివాను. మొదట నవ్వొచ్చింది. రెండోసారి చదివితే ఒళ్లు మండింది.

ఆ అబ్బాయికి ఇదివరకు సంబంధం చెడిందేమో కనుక్కోమంటావు. మన పిల్లకి చెడింది మాత్రం చెప్పొద్దంటావు. వాళ్లు దాస్తే మోసం, మనం దాస్తే మర్యాదా? మా వేదిక పోయిన నెల వేసిన కరపత్రంలో సరిగ్గా ఇదే ఉంది. ఎదుటివాడి నడత తూచడానికి ఒక తక్కెడ, మన నడత తూచుకోవడానికి ఇంకో తక్కెడ పెట్టుకున్నంతకాలం ఈ సమాజం బాగుపడదని. ఆ వాక్యం ప్రూఫు దిద్దింది నేనే. ఒక కాపీ ఇందులో పెడుతున్నాను. మావయ్యకి చూపించకు, టీకొట్టుకి పట్టుకెళ్తాడు.

అయినా రుచిత కోసం వెళ్లాను. వైర్ల షాపు, ఫ్యాన్ల షాపు, పంపుసెట్ల షాపు, చివరికి వాళ్ల షాపుకి టీలు పంపే కొట్టు. అందరూ ఒకటే మాట, "బంగారంలాంటి కుర్రాడండీ." అదే మాట, అదే నవ్వు. ఎవరో కూర్చోబెట్టి వల్లె వేయించినట్టు. అత్తయ్యా, నా పని నీకు తెలుసు. ప్రూఫులో ఒక్క తప్పూ కనపడలేదంటే తప్పులు లేవని కాదు, దిద్దినవాడు నిద్రపోయాడని. నాకు అక్కడే అనుమానం మొదలైంది.

వాళ్ల షాపు మెట్ల పక్కన ఇస్సాక్ గారని వాచీలు బాగుచేసే పెద్దాయన ఉన్నారు. ఈయనకి వాళ్లతో వ్యాపారం లేదు, నిజం చెప్తాడనుకున్నాను.

"హర్షవర్ధన్ ఎలాంటివాడండీ?" అన్నాను.

కంటికి పెట్టుకున్న అద్దం తియ్యకుండానే, "నేనెవరి గురించీ చెప్పను బాబూ. వాచీ ఉంటే ఇవ్వు," అన్నారు.

"మంచివాడైతే మంచివాడని చెప్పొచ్చు కదండీ."

"చెప్పొచ్చు."

"మరి చెప్పండి."

"చెప్పను. పెళ్లి వాకబేగా? దానికసలే చెప్పను."

చూశావా? భయపడేవాళ్లంతా పొగిడారు. భయం లేని ఒక్క మనిషీ నోరు విప్పలేదు. దీనర్థం ఏమిటో నువ్వే ఆలోచించు.

శనివారం సాయంత్రం షాపు మూశాక ఆ హర్షవర్ధన్ నలుగురు స్నేహితులతో కూల్‌డ్రింక్ షాపు ముందు నిలబడి నవ్వుతున్నాడు. నవ్వడం తప్పని నేననను. కానీ ఆ నవ్వులో ఏదో ఉంది. కనిపెడతాను.

ఇక్కడ మేడ మీద గది పెనంలా కాలుతోంది. అయినా బాగానే ఉన్నాను. ఇంటావిడ మార్తమ్మగారు రిటైరైన నర్సు, కూర మిగిలితే గిన్నెలో పెట్టి పైకి పంపిస్తారు.

సిద్ధార్థ

*

కూచిపూడి,
20 జూన్ 2025

సిద్ధూ,

నీ ఉత్తరం వచ్చినప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆ ఇస్సాక్ గారు ఎందుకు చెప్పలేదంటావు? మంచి ఉంటే చెప్పడానికి ఏం పోయింది? చెప్పకూడనిది ఏదో ఉండి ఉండాలి. ఈ ఆదివారం పెళ్లిచూపులు పెట్టుకుందామనుకున్నాం, మీ మావయ్యకి మోకాలు నొప్పని చెప్పి వాయిదా వేయించాను. ఆయన మోకాలు నిక్షేపంగా ఉంది. కాలవకి నీళ్లొచ్చాయి, నారుమళ్లలో పరుగులు పెడుతున్నాడు. శివపార్వతిగారు ఇటు వచ్చినప్పుడల్లా ఆయన్ని లోపలికి లాగి మంచమ్మీద కూర్చోబెట్టాల్సొస్తోంది.

నీ కరపత్రం చదివాను. తక్కెళ్ల సంగతి బాగానే ఉంది. ఆడపిల్లని కన్నాక రాయమను ఆ రాసినాయన్ని.

ఇంకా గట్టిగా కనుక్కో. అన్నట్టు, అడిగినచోటల్లా నువ్వెవరివని చెప్పుకుంటున్నావు?

అత్తయ్య

*

గవర్నర్‌పేట,
25 జూన్ 2025

అత్తయ్యా,

ఎవరివని అడిగితే ఉన్నదే చెప్పాను, అమ్మాయికి మేనబావనని. అందులో దాచాల్సిందేముంది? నేను దొంగచాటుగా తిరగడం లేదు.

చాటుమాటు పని నాకు నచ్చక, నిన్న నేరుగా వాళ్ల షాపుకే వెళ్లాను. బల్బు కావాలన్నాను. అతనొక్కడే ఉన్నాడు.

"ఎన్ని వాట్లండీ?"

"మీరు తాగుతారా?" అన్నాను.

"బల్బుకీ దానికీ ఏంటండీ సంబంధం?"

"బల్బుకి కాదు, మా ఇంటి పిల్లకి. కూచిపూడి సంబంధం."

అప్పుడు చేతిలో బల్బు కిందపెట్టి నన్ను పైనించి కిందిదాకా చూశాడు. "మీరు రుచితగారికి ఏమవుతారు?"

"మేనబావని."

"ఓహో," అన్నాడు. ఆ ఓహో ఎంత పొడుగ్గా ఉందో కాగితం మీద రాయలేను. "కూర్చోండి, టీ చెప్తాను."

టీ పోసి నోళ్లు మూయించడం ఈ పేటలో పాత పద్ధతి. తాగనన్నాను. అడిగినదానికి జవాబు చెప్పమన్నాను. "ఎప్పుడో స్నేహితుల పెళ్లిలో ఒకసారి తాగాను, నచ్చలేదు," అన్నాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే ఒప్పుకోనిది ఇంకెంత ఉందో. ఫోన్ చూపించమన్నాను. "మీరు చూపిస్తారా?" అన్నాడు. నాది బటన్ల ఫోను, తీసి బల్ల మీద పెట్టాను. నవ్వాడు. నాకు ఒళ్లు తెలియలేదు. మీలాంటివాళ్ల వల్లే ఈ వ్యవస్థ ఇలా ఉందని నాలుగు మాటలని వచ్చేశాను. పక్క షాపులవాళ్లు బయటికొచ్చి చూశారు. చూడనీ.

గుడివాడ సంగతి అతను అడగలేదు, నేను చెప్పలేదు. అడిగితే చెప్పేసేవాణ్ణి, నువ్వేమనుకున్నా సరే.

సిద్ధార్థ

*

కూచిపూడి,
3 జులై 2025

సిద్ధార్థా,

నేను వాకబు చెయ్యమంటే నువ్వు ఊరేగింపు చేశావు.

నిన్న శివపార్వతిగారు వచ్చారు. అరుగు మీదే కూర్చున్నారు, లోపలికి రమ్మన్నా రాలేదు, కాఫీ ముట్టలేదు. "ఏంటమ్మా రాజ్యలక్ష్మీ, మీ పిల్లకి మేనబావతో ఖాయమైందట గదా. కాపురం పెట్టడానికి బెజవాడలో గది కూడా తీసుకున్నారట. మరి నన్నెందుకు ఎండలో తిప్పావు?" అన్నారు. నాకు సగం వినపడక మళ్లీ అడిగాను. ఆవిడ గట్టిగా చెప్పారు. ఎదురింటివాళ్లు విన్నారు. పక్కింటివాళ్లు విన్నారు. వినాల్సిన అవసరం లేనివాళ్లంతా విన్నాక ఆఖర్న నాకు వినపడింది.

అబ్బాయి తరఫువాళ్లు వెనక్కి తగ్గారట. బావే షాపుకొచ్చి గొడవపడ్డాక ఇంక మాకు చెప్పాలా అన్నారట.

రుచితకి ఇంకా తెలియదు. దానికి ఇరవయ్యారు వెళ్తున్నాయి. గుడివాడది ఒకటి చెడింది, ఇప్పుడిది. ఇంకోటి చెడితే మన గడప తొక్కేవాళ్లుండరు. నీకు కోపమొస్తే రానీ, ఒక్క సంగతి నిజం చెప్పు. దాని మీద నీకు మనసుందా? ఉంటే మగాడిలా వచ్చి అడుగు, అంతేగాని వచ్చిన సంబంధాల్ని ఇలా చెడగొట్టకు. ఇస్సాక్ గారి మాట కూడా నువ్వే కల్పించావేమోనని నిన్నట్నుంచి నాకు అనుమానంగా ఉంది.

రాజ్యలక్ష్మి

*

గవర్నర్‌పేట,
7 జులై 2025

అత్తయ్యా,

నీ ఉత్తరం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని ప్రకాశం బ్యారేజీ మీద ఆ చివరిదాకా నడిచాను. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు.

రుచిత మీద నాకు ఆ మనసు లేదు. ఎప్పుడూ లేదు. చిన్నప్పుడు మీ ఇంట్లో ఒకే కంచంలో తిన్నాం, నా లెక్కలు అది చేసిపెట్టేది, దాని దెబ్బలాటలు నేను చేసిపెట్టేవాణ్ణి. చెల్లెలందామంటే వరస ఒప్పుకోదు. స్నేహితురాలందామంటే ఊరు ఒప్పుకోదు. ఈ వరసలు ఎవరు పెట్టారో గాని, మేనబావ నోటివెంట వచ్చిన నిజం నిజం కాదట, ఏడుపట. అదే మాట దారిన పోయేవాడు చెప్పి ఉంటే నమ్మేదానివి.

ఇది ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. ఆ షాపులోనే. వాళ్ల గుట్టు బయటపడుతుందని భయం వేసి, అడిగేవాడి మీదే బురద చల్లారు. గది సంగతి కూడా కలిపారంటే ఎంత పకడ్బందీగా అల్లారో చూడు.

ఇస్సాక్ గారి మాట నేను కల్పించానా? అత్తయ్యా, నేను అబద్ధమాడనని ఈ పేటలో ఎవర్నడిగినా చెప్తారు. కావాలంటే నువ్వే మనిషిని పంపించు. నా గురించి వాకబు చేసుకో. ప్రెస్సులో అడుగు, ఇంటావిడనడుగు. నా దగ్గర దాచేదేం లేదు.

సిద్ధార్థ

*

కూచిపూడి,
14 జులై 2025

సిద్ధూ,

చెయ్యమన్నావు గదా, చేయించాను.

మన పాలకేంద్రం యేసుబాబు పనిమీద బెజవాడ వెళ్తుంటే, మీ ఇంటావిడ దగ్గర ఒకసారి ఆగి రమ్మన్నాను. గది ఖాళీ ఉందేమోనని అడిగినట్టు అడగమన్నాను. అతను వచ్చి చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా.

మార్తమ్మగారు నిన్ను మెచ్చుకున్నారట. "మా మేడ మీద అబ్బాయా? బుద్ధిమంతుడు. పెళ్లికాని కుర్రాళ్లకి నేను గది ఇవ్వను బాబూ, ఎవరెవర్నో తీసుకొస్తారు. ఈ అబ్బాయికి మేనత్త కూతురితో ఖాయమైంది, మాఘంలో కాపురం పెడతానన్నాడని ఇచ్చాను. కూచిపూడి పిల్ల. రుచిత," అన్నారట. "ఆ మధ్య ఎవరో షాపువాళ్లు కూడా వచ్చి ఇలాగే అడిగారు. వాళ్ల షాపు మెట్ల పక్కనుండే వాచీలాయన్ని అడిగితే ఆయనేం చెప్పలేదట, ఏదో ఉందని నా దగ్గరకొచ్చారు. ఉన్నదే చెప్పాను," అన్నారట.

ఇంతకీ తాంబూలాలు ఎప్పుడు పుచ్చుకున్నాం రా? నన్ను పిలవలేదే.

ఆ ఇస్సాక్ గారు నోరు విప్పకపోతే అబ్బాయి చెడ్డవాడని నువ్వు తేల్చావు, నేను నమ్మాను. ఆయన నోరు విప్పకపోతే నువ్వు చెడ్డవాడివని వాళ్లు తేల్చారు. వాళ్లని నేనేమనను?

వెళ్లి ఆవిడకి ఉన్నది చెప్పు. గది పోతే పోయింది.

అత్తయ్య

*

గవర్నర్‌పేట,
19 జులై 2025

అత్తయ్యా,

సొంత మేనల్లుడి మీద నిజంగానే మనిషిని పంపిస్తావనుకోలేదు. మాటవరసకి అన్నాను. సరే.

ఆ మాట అన్నాను. కాదనను. కానీ అది అబద్ధం కింద లెక్కకి రాదని ఇప్పటికీ నా అభిప్రాయం. పెళ్లికానివాడు మనిషి కాదా? ఆ ఎండల్లో ఈ పేటంతా తిరిగాను. పెళ్లైందా, ఏ కులం, మాంసం వండుతారా, ఎవరైనా వస్తారా. ప్రతి గడప దగ్గరా నా నడత మీద విచారణే. అన్యాయమైన ప్రశ్నకి నిజం చెప్పాల్సిన బాధ్యత మనిషికి లేదు. ఆవిడ "ఖాయమైందా?" అంది, అయిందన్నాను. "పేరేంటి?" అంది. నా నోటికి ఇంకే ఆడపిల్ల పేరూ రాలేదు. అంతే. దాన్నీ, సంబంధం దగ్గర దాచడాన్నీ ఒకే గాటన కట్టకు. అది వేరు, ఇది వేరు.

ఇంతవరకు రాసి చదువుకున్నాను. అది వేరు, ఇది వేరు అన్న వాక్యం నా చేతికొచ్చిన ప్రూఫులో కనపడి ఉంటే ఎర్రసిరాతో కొట్టేసేవాణ్ణి. కొట్టెయ్యకుండా ఉంచుతున్నాను.

నువ్వు చెప్పినట్టే మార్తమ్మగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ చిక్కుళ్లు ఒలుస్తున్నారు.

"అమ్మా, నాకు ఎవరితోనూ ఖాయం కాలేదు. గది కోసం అలా చెప్పాను," అన్నాను.

ఆవిడ చేతులు ఆగాయి. "ఏం, ఏమైంది? ఆ పిల్ల ఏం తప్పు చేసింది?"

"ఏ తప్పూ లేదండీ. అసలు ఖాయమే కాలేదు."

"మొన్నెవరో వచ్చి అడిగి వెళ్లారు, అప్పుడే అనుకున్నాను. ఎవరో నీ మనసు విరిచారు. చూడు బాబూ, ఆడపిల్లకి మాటిచ్చి ఇప్పుడు అసలు అనుకోలేదంటే దేవుడు చూడడా?"

"నేను అబద్ధమాడానమ్మా."

"అప్పుడాడావో ఇప్పుడాడుతున్నావో నాకేం తెలుసు?" అన్నారు.

నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్నారు. అది పెద్ద సంగతి కాదు. పెద్ద సంగతేమిటంటే, ఇప్పుడు ఆవిడ వీధిలో అందరికీ పాపం ఆ కూచిపూడి పిల్లని వీడు వద్దనుకున్నాడని చెప్తున్నారు. మొన్నటిదాకా రుచితకి లేని పెళ్లి కుదిరింది. ఇవాళ్టికి లేని పెళ్లి చెడింది కూడా. నిజం చెప్తే అన్నీ సర్దుకుంటాయనుకున్నాను. ఏం చెయ్యాలో తోచడం లేదు.

సిద్ధు

*

కూచిపూడి,
30 జులై 2025

నాయనా సిద్ధూ,

పోయిన శనివారం రుచిత వచ్చింది. దాచడం ఇంక నా వల్ల కాక నీ ఉత్తరాలన్నీ దాని ముందు పెట్టాను. చదువుతూ నువ్వు షాపులో ఫోన్ తీసి బల్ల మీద పెట్టిన చోట నవ్వింది, మార్తమ్మగారి దగ్గర మానేసింది. సోమవారం హాస్పిటల్‌కి సెలవు పెట్టి, మాకు చెప్పకుండా, నేరుగా ఆ షాపుకి వెళ్లింది.

అది వచ్చి చెప్పింది రాస్తున్నా. "మా బావ గది కోసం అబద్ధమాడాడు. మా అమ్మ గుడివాడ సంబంధం సంగతి దాచింది. ఆ సంబంధం వాళ్లు వద్దనలేదు, నేనే వద్దన్నాను. తాంబూలాలు పుచ్చుకున్నాక కూడా మా ల్యాబుకొచ్చి నేనెవరితో మాట్లాడతానని ఆయాలని అడిగారు. మీ గురించి మావాళ్లు అడిగారు, నా గురించి మీవాళ్లు అడిగారు. ఇంకా ఏమైనా ఉంటే నన్నే అడగండి," అందట.

ఆ అబ్బాయి, "భోంచేశారా?" అన్నాడట.

ఇద్దరూ ఎదురుగా మెస్సులో తిన్నారు. అది ఇంటికొచ్చి, "అమ్మా, ఇతను నాకు నచ్చాడు," అంది. పుట్టిన ఇన్నేళ్లకి దాని నోట ఆ మాట ఇప్పుడే విన్నాను. ఎంత నెమ్మదిగా అన్నా వినపడింది.

నిన్న అబ్బాయి తండ్రి మీ మావయ్యతో మాట్లాడి ఖాయం చేసుకున్నాడు. శ్రావణంలోనే ముహూర్తం, ఆగస్టు పదిహేడు. ఇక్కడే, మన ఇంటిముందే పందిరి.

ఇప్పుడు రాయలేనిది రాయాలి. అబ్బాయి నమ్మాడు గాని, తల్లి నమ్మలేదు. పెళ్లిలో ఆ మేనబావ కనపడకూడదని శివపార్వతిగారి చేత కబురు పెట్టింది. నలుగురూ వేలు చూపించి గుసగుసలాడుకుంటే తల ఎత్తుకోలేనంది. ఈ షరతు సంగతి అబ్బాయికి తెలియదు. రుచితకి అసలే తెలియదు, తెలిస్తే పెళ్లే వద్దంటుంది. దాని సంగతి నీకు తెలుసు.

నేను ఒప్పుకున్నాను. నువ్వు నన్నేమన్నా పడతాను. నిన్ను ఎత్తుకు పెంచిన చేత్తోనే రాస్తున్నాను, రాకు నాయనా. సిద్ధు ఏడని అందరూ అడుగుతారు. ఏదో పరీక్ష ఉందని చెప్తాను. మీ నాన్నకీ అదే చెప్తాను. నువ్వూ అదే చెప్పు.

మీ అత్తయ్య

*

గవర్నర్‌పేట,
4 ఆగస్టు 2025

అత్తయ్యా,

మొదట ఒక ఉత్తరం రాశాను. అందులో ఆవిడనీ, నిన్నూ, శివపార్వతిగారినీ, ఈ మొత్తం వ్యవస్థనీ కడిగేశాను. బాగానే వచ్చింది, మా వేదికవాళ్లు చూస్తే అచ్చువేసేవాళ్లు. చించేశాను.

నేను రాను.

మార్తమ్మగారి గది ఖాళీ చేశాను. ప్రస్తుతం ప్రెస్సులోనే కాగితం కట్టల మధ్య పడుకుంటున్నాను. పుస్తకాల పెట్టె ఇస్సాక్ గారి కొట్లో పెట్టుకోనిచ్చారు. ఎందుకు, ఏమిటి అని ఒక్క ప్రశ్న అడగలేదు.

నిన్న రుచిత ఫోన్ చేసింది. "బావా, నువ్వు మూడు రోజుల ముందే రావాలి. మా నాన్న ఒక్కడే పందిరి పనులు చూసుకోలేడు. ఆ ఎలక్ట్రికల్ షాపాయన నిన్ను సరిగ్గా పరిచయం చెయ్యమన్నాడు, ఈసారి టీ తాగాలట," అంది. ఎంత సంతోషంగా ఉందో దాని గొంతు. నీకు ఫోన్లో వినపడదు గాని, విని ఉంటే బాగుండేది.

పరీక్ష ఉందన్నాను. ఏం పరీక్ష అంది. నాకు ఒక్క పేరూ తోచలేదు. సిగ్నల్ లేదని చెప్పి పెట్టేశాను.

అందుకని అత్తయ్యా, ఏం పరీక్షో నువ్వే ఖాయం చేసి వెంటనే రాయి. పేరు, ఏ ఊళ్లో సెంటరు, పొద్దున్నా మధ్యాహ్నమా. పదిహేడు ఆదివారమే, అది మనకి కలిసొచ్చింది. ఊరు దూరంగా ఉండాలి, విశాఖపట్నమో తిరుపతో, ఒక పూట వచ్చి వెళ్లమనడానికి వీల్లేకుండా. మనిద్దరం ఒకే మాట మీద ఉండాలి. రుచిత ఎవర్నీ అనుమానించదు. అందుకే మనం జాగ్రత్తగా ఉండాలి.

సిద్ధు